మొదటి ఆర్డర్ దాకా మాతో నడవండి: బాలానగర్ నుంచి రక్షణ ఉత్పత్తి విభాగానికి ఒక లేఖ

కేంద్ర రక్షణ ఉత్పత్తి విభాగం కార్యదర్శి గారికి,
విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ అధికారులకు,
తెలంగాణ పరిశ్రమల శాఖ అధికారులకు,

నమస్కారం.

నేను హైదరాబాద్ బాలానగర్‌లో ఒక చిన్న మెషిన్ షాప్ నడుపుతున్నాను. మాలాంటి చిన్న షాపులు తమ పేరు మీద మొదటి ఎగుమతి ఆర్డర్ పూర్తి చేసేదాకా తోడుండమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. మా షెడ్డులో లోహాన్ని కంప్యూటర్ ఆదేశాలతో కోసే నాలుగు వీఎంసీలు, రెండు సీఎన్‌సీ లేత్‌లు, మూడేళ్ళ కిందట అప్పు చేసి కొన్న ఒక ఫైవ్ యాక్సిస్ మెషిన్ ఉన్నాయి. నాతో కలిపి ఇరవై ఆరుగురం పనిచేస్తాం. మా వీధికి దగ్గరలోనే ఉన్న సీఐటీడీ అనే ప్రభుత్వ శిక్షణ సంస్థలో టూల్ అండ్ డై మేకింగ్ నేర్చుకుని, పదకొండేళ్ళు వేరేవాళ్ళ షాపుల్లో మెషిన్లను పనికి సిద్ధం చేసే సెట్టర్‌గా పనిచేసి, ఆ తర్వాత ఈ షెడ్డు పెట్టాను. క్షిపణుల భాగాలు, రాడార్ హౌసింగులు (పరికరాలను లోపల అమర్చే పెట్టెలు), విమానాల బ్రాకెట్లు చేస్తాం. వీటిలో దాదాపు అంతా జాబ్ వర్కే. మెటీరియల్, డ్రాయింగ్ వాళ్ళిస్తారు, కోసి ఇవ్వడం మా పని.

గత పదేళ్ళలో రక్షణ ఎగుమతులు పెరిగిన తీరు చూసి మాలాంటివాళ్ళం నిజంగా సంతోషించాం. 2013-14లో 686 కోట్ల రూపాయలున్న ఎగుమతులు 2024-25లో 23,622 కోట్లకు చేరాయి. అందులో 15,233 కోట్లు ప్రైవేటు కంపెనీలవే. ఆ ఒక్క ఏడాదే మీ విభాగం 1,762 ఎగుమతి అనుమతులు ఇచ్చింది, అంతకు ముందు ఏడాది ఇచ్చినవి 1,507. 2029 నాటికి 50,000 కోట్లకు చేర్చాలన్నది ప్రభుత్వ లక్ష్యం. ఫిలిప్పీన్స్‌తో 2022 జనవరిలో ఒప్పందం కుదిరి, 2024 ఏప్రిల్‌లో బ్రహ్మోస్ తొలి విడత అక్కడికి చేరిన రోజు మా షెడ్డులో మిఠాయి పంచుకున్నాం. ఆ క్షిపణిని కూర్చే కేంద్రం మా ఊళ్ళోనే ఉంది మరి.

మా ఊరికి ఈ పని కొత్త కాదు. రక్షణ పరిశోధన ప్రయోగశాలలైన డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, ప్రభుత్వ రంగ సంస్థలైన మిధాని, బీడీఎల్, ఈసీఐఎల్, బాలానగర్‌లోనే ఉన్న హెచ్‌ఏఎల్, వీటన్నిటి చుట్టూ అరవై ఏళ్ళుగా మాలాంటి షాపులు పుట్టుకొస్తూనే ఉన్నాయి. ఇప్పుడు లిస్టెడ్ కంపెనీ అయిన ఎంటార్ కూడా 1970లో ఇక్కడే మొదలైంది. నగర శివారు ఆదిబట్లలో సీ-130జే విమానం తోక భాగాలు, అపాచీ హెలికాప్టర్ బాడీలు తయారవుతున్నాయి. అలాంటి పెద్ద కంపెనీల కిందా, వాళ్ళకు సరఫరా చేసేవాళ్ళ కిందా, మళ్ళీ వాళ్ళ కిందా మేముంటాం. మా చెయ్యి పడిన ముక్క సముద్రం దాటి వెళ్తుంది. మా పేరు మీద మాత్రం ఒక్క షిప్పింగ్ బిల్లు (ఎగుమతికి కస్టమ్స్‌లో పెట్టే పత్రం) కూడా ఉండదు.

దీనివల్ల నష్టం ఏమిటని మీరు అడగవచ్చు. పని దొరుకుతోంది కదా అని కూడా అనవచ్చు. పని దొరుకుతుంది కానీ మార్చిలో ముప్పై రోజులూ రాత్రి షిఫ్టు, జూన్‌లో మూడు మెషిన్లు ఖాళీ. ఒకరిద్దరు కొనుగోలుదారుల మీదే బతుకు. వాళ్ళ ప్రోగ్రాం ఏదైనా ఆగిందంటే మా ఈఎంఐ ఆగుతుంది. గంటకు ఇంత అని మెషిన్ రేటు వాళ్ళే చెప్తారు, ఆ రేటు ఎనిమిదేళ్ళలో పెద్దగా మారలేదు. నేరుగా బయటి దేశానికి అమ్మగలిగితే రేటూ బాగుంటుంది, ఏడాది పొడవునా పనీ ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా మా కుర్రాళ్ళు వేరే కంపెనీకి పోకుండా ఉంటారు. సెట్టర్‌ని తయారు చేయడానికి నాకు నాలుగేళ్ళు పడుతుంది. అతను వెళ్ళిపోవడానికి ఒక ఫోన్ కాల్ చాలు.

కాబట్టి 2023లో గట్టిగా ప్రయత్నించాను. ఆ ఏడాది ఫిబ్రవరిలో బెంగళూరు యలహంకలో జరిగిన ఏరో ఇండియాలో నలుగురం కలిసి ఒక చిన్న స్టాల్ పంచుకున్నాం. మూడో రోజు యూరప్‌కు చెందిన ఒక కంపెనీ కొనుగోలు మేనేజర్ వచ్చాడు. మా శాంపిల్ ముక్కలు చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, ముక్కలో తొలిచిన ఒక గుంట లోపలి మూల మీద గోరుతో గీసి చూశాడు. ఈ పని తెలిసిన మనిషి అని అప్పుడే అర్థమైంది. ఏప్రిల్‌లో మూడు డ్రాయింగులు పంపాడు. రెండు బ్రాకెట్లు, ఒక హౌసింగ్, మూడూ 7075 రకం అల్యూమినియం. మొదటి లాటు నలభై సెట్లు, బాగుంటే ఏడాదికి ఆరు వందలు. మూడు వారాల్లో కొటేషన్ కావాలన్నాడు.

ధర కట్టడం నాకు తెలిసిన పనే. పదో రోజుకి లెక్క తయారైంది. ఆ తర్వాత వాళ్ళ ఫారంలో ఒక గడి దగ్గర ఆగిపోయాను. మీ దేశంలో ఈ వస్తువు ఎగుమతి నియంత్రణ కిందికి వస్తుందా, వస్తే ఏ వర్గం, అనుమతికి ఎంత కాలం పడుతుంది?

ఒక కన్సల్టెంట్‌ని అడిగితే అల్యూమినియం ముక్కకి లైసెన్స్ ఏమిటండీ, ఏమీ అక్కరలేదు, పంపేయండి అన్నాడు. ఇంకొకాయన స్కోమెట్ (ఎగుమతి నియంత్రణలో ఉన్న వస్తువుల జాబితా) 6వ విభాగం అవుతుంది, పంపితే జైలుకు పోతారు అన్నాడు. ఒక కార్యాలయానికి వెళ్తే ఇది మా పరిధి కాదు, ఇంకో చోట అడగండి అన్నారు. అక్కడ అడిగితే ముందు మీ వస్తువు ఏ వర్గమో మీరే నిర్ణయించుకుని దరఖాస్తు చేయండి అన్నారు. ఆ నిర్ణయమే కదా సార్ నాకు తెలియనిది అన్నాను. ఈ తిరుగుడుతో అయిదు నెలలు గడిచాయి. సెప్టెంబరులో ఆ మేనేజర్ చాలా మర్యాదగా మెయిల్ రాశాడు. ఆర్డర్ వేరే దేశంలోని కంపెనీకి ఇచ్చామనీ, మళ్ళీ అవకాశం ఉన్నప్పుడు కలుద్దామనీ.

ఆ తర్వాత ఒక పెద్ద కంపెనీలో ఎగుమతుల పని చూసి రిటైరైన పెద్దాయన ఒకరు ఆ డ్రాయింగులు చూశారు. కింద మూలలో ఉన్న అసెంబ్లీ నంబరు పట్టుకుని, ఇది ఏ విమానానిదో వాళ్ళని అడిగావా అన్నారు. అడగాలని నాకు తోచలేదు. మెయిల్ పెడితే మర్నాడే జవాబు వచ్చింది. రెండు బ్రాకెట్లూ ప్రయాణికుల విమానానివి. వాటికి అసలు అనుమతే అక్కరలేదు. హౌసింగ్ ఒక్కటే మిలిటరీ రకానిది. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ విషయం మీకు తెలిసిందే అయినా, ఈ లేఖ చదివే మిగతావాళ్ళ కోసం చెప్తాను. స్కోమెట్ జాబితాలో 6వ విభాగం మిలిటరీ సామగ్రిది. దానికి అనుమతి ఇచ్చేది రక్షణ ఉత్పత్తి విభాగం. 5వ విభాగం ఏరోస్పేస్ వ్యవస్థలది, 8వ విభాగం పౌర, సైనిక అవసరాలు రెండింటికీ పనికొచ్చేవాటిది. వాటిని విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ చూస్తుంది. ముక్క ఎలా ఉందన్నది బట్టి వర్గం మారదు. దాన్ని ప్రత్యేకంగా సైనిక అవసరం కోసం రూపొందించారా, లేక మార్చారా అన్నదాన్ని బట్టి మారుతుంది. ఒకే మెషిన్ మీద, ఒకే అల్యూమినియం దిమ్మె నుంచి కోసిన రెండు బ్రాకెట్లలో ఒకటి కొరియర్‌లో పంపేయవచ్చు, రెండోది అనుమతి లేకుండా పంపితే నేరం. మాకు వచ్చే డ్రాయింగు మీద చాలాసార్లు పార్ట్ నంబరు తప్ప ఏమీ ఉండదు. ముక్క ఒక్కటే కాదు, నియంత్రణలో ఉన్న వస్తువుకు సంబంధించిన సాంకేతిక సమాచారం ఈమెయిల్‌లో పంపడం కూడా ఎగుమతి కిందికే వస్తుందని నాకు ఈ గొడవలోనే తెలిసింది.

మీరు చేసిన మంచి మార్పులను నేను తక్కువ చేయడం లేదు. దరఖాస్తు అంతా ఆన్‌లైన్ అయింది. విడి భాగాల విషయంలో సరుకు చివరికి ఎవరు, దేనికి వాడతారో చెప్పే తుది వినియోగ పత్రం కొనే దేశపు ప్రభుత్వం సంతకంతో తేవాలన్న నిబంధన తీసేశారు. అదే వస్తువు అదే కంపెనీకి మళ్ళీ పంపేటప్పుడు మొదటి నుంచీ తిరగక్కరలేదు. 2019లో తెచ్చిన ఓపెన్ జనరల్ ఎగుమతి లైసెన్స్ ఉంటే ఎంచుకున్న దేశాలకు విడి భాగాలు పంపడానికి ప్రతి షిప్‌మెంటుకీ అనుమతి అడగక్కరలేదు, మూడు నెలలకోసారి లెక్క చెప్తే చాలు. ఇవన్నీ నిజంగా మేలు చేసేవే. అయితే వీటన్నిటినీ వాడుకోవడానికి ముందు నా వస్తువు ఏ వర్గమో నాకు తెలిసి ఉండాలి. మళ్ళీ పంపేవాడికి సులువు చేశారు, మొదటిసారి పంపేవాడు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాడు.

అందుకే నా మొదటి కోరిక ఇది. డ్రాయింగు, కొనుగోలుదారు వివరాలు, అది ఏ విమానానికో ఏ వ్యవస్థకో చెప్పే ఉత్తరం, ఈ మూడూ పెడితే పదిహేను పని దినాల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఇది జాబితాలో ఉంది, ఫలానా వర్గం, ఫలానా చోట దరఖాస్తు చేయి. లేదా ఇది జాబితాలో లేదు, పంపుకో. రెండు విభాగాల్లో ఎవరి పరిధి అన్నది మీరూ మీరూ తేల్చుకోండి, ఆ పని మా మీద పెట్టకండి. ఆ కాగితం మీద సంతకం చేసిన అధికారి ఉండాలి, కస్టమ్స్‌లో చూపిస్తే చెల్లాలి. బ్యాంకువాళ్ళు, విదేశీ కొనుగోలుదారు కూడా ఆ కాగితాన్ని నమ్ముతారు. పెద్ద కంపెనీలకు ఈ పని చేయడానికి లాయర్లతో ఒక విభాగమే ఉంటుంది. మా షెడ్డులో ఆ విభాగం నేనే, అదీ రాత్రి ఎనిమిది తర్వాత.

రెండోది సర్టిఫికెట్ల సంగతి.

ఏరోస్పేస్‌లో ఏఎస్9100 అనే నాణ్యతా సర్టిఫికెట్ లేకపోతే ఎవరూ మాట్లాడరు. అది అలా ఉండటమే సరైనది. గాల్లో ఎగిరే వస్తువుకి ముక్క ఏ దిమ్మె నుంచి వచ్చింది, ఎవరు కోశారు, ఏ గేజ్‌తో కొలిచారు, ఆ గేజ్‌ని ఎప్పుడు కాలిబ్రేట్ చేశారు, ఇదంతా పదేళ్ళ తర్వాత అడిగినా చూపించగలగాలి. ఆ సర్టిఫికెట్ కోసం కష్టపడ్డాక మా షాపులో రిజెక్షన్ సగానికి సగం తగ్గింది. మా కుర్రాళ్ళకి ఆ క్రమశిక్షణ అలవాటైంది. కాబట్టి ప్రమాణం తగ్గించమని నేను అడగడం లేదు. కన్సల్టెంట్ ఫీజు, రెండు దశల ఆడిట్, కాలిబ్రేషన్, కాగితాలు చూడటానికే పెట్టుకున్న ఒక క్వాలిటీ ఇంజినీరు జీతం కలిపి మాకు మొదటి ఏడాదే తొమ్మిది లక్షలు దాటింది. ఆ తర్వాత ప్రతి ఏడాదీ నిఘా ఆడిట్, మూడేళ్ళకోసారి మళ్ళీ మొత్తం. ఇప్పుడు ఆ ప్రమాణమే ఐఏ9100 అనే కొత్త పేరుతో మారబోతోంది. అంటే ఉన్నవాళ్ళం కూడా మళ్ళీ మారాలి.

మొదటిసారి ఎగుమతి చేసే చిన్న పరిశ్రమల కోసం ఎంఎస్‌ఎంఈ మంత్రిత్వ శాఖ 2022లో ఒక పథకం తెచ్చింది. టెస్టింగ్, సర్టిఫికేషన్ ఖర్చులో లక్ష రూపాయల దాకా తిరిగి ఇస్తారు. మంచి ఆలోచన. పచ్చళ్ళు, చేనేత పంపేవాళ్ళకు లక్ష రూపాయలు చాలా పెద్ద సాయం. విమానం ముక్క పంపేవాడికి అది ఆడిటర్ ఫీజుకి కూడా చాలదు. పైగా ముందు మేం ఖర్చు పెట్టాలి, తర్వాత బిల్లులు పెట్టుకోవాలి. ఖర్చు పెట్టే నాటికి ఆర్డర్ ఉండదు. ఆర్డర్ లేదు కాబట్టి బ్యాంకు అప్పు ఇవ్వదు. సర్టిఫికెట్ లేదు కాబట్టి కొనేవాడు ఆర్డర్ ఇవ్వడు. నాకు తెలిసిన నాలుగు షాపులు సరిగ్గా ఇక్కడే ఆగిపోయాయి. పనితనం లేక ఆగలేదు. వాళ్ళలో ఒకాయన చేసిన ముక్కల ఫినిషింగ్ చూస్తే నాకే ఈర్ష్య కలుగుతుంది.

ఏరోస్పేస్, రక్షణ రంగాలకు విడిగా ఒక గరిష్ఠ పరిమితి పెట్టండి, ఆ డబ్బు నేరుగా సర్టిఫికేషన్ సంస్థకే దశలవారీగా చెల్లించండి. మొదటి ఆడిట్ పాసైతే ఇంత, రెండోది పాసైతే ఇంత. మా చేతికి ఒక్క రూపాయి ఇవ్వక్కరలేదు. ఫెయిలైతే మిగతాది ఆపేయండి. సర్టిఫికెట్ వచ్చిన అయిదేళ్ళలో ఎగుమతి మొదలైతే అందులో కొంత తిరిగి వసూలు చేసుకున్నా మాకు అభ్యంతరం లేదు.

సర్టిఫికెట్ దగ్గరే కథ అయిపోదు. అనోడైజింగ్ (అల్యూమినియం మీద రక్షణ పొర ఎక్కించడం), హీట్ ట్రీట్‌మెంట్, పగుళ్ళు చూసే ఎన్‌డీటీ పరీక్షలు, వీటిని స్పెషల్ ప్రాసెస్‌లు అంటారు. వీటికి నాడ్‌క్యాప్ అనే అంతర్జాతీయ గుర్తింపు ఉన్న చోటే, అదీ కొనేవాడు ఒప్పుకున్న చోటే చేయించాలి. నలభై ముక్కలు అనోడైజింగ్ కోసం బెంగళూరు వెళ్ళి రావడానికి మాకు ఒకసారి పదిహేడు రోజులు పట్టింది. ముక్క కోయడానికి పట్టింది ఆరు రోజులే. పెద్దవాళ్ళ లాటు వస్తే మా నలభై ముక్కలు వెనక్కి పోతాయి, వాళ్ళని తప్పు పట్టను, ఎవరైనా అంతే చేస్తారు. రక్షణ పరీక్షా సదుపాయాల కోసం 2020లో 400 కోట్లతో డీటీఐఎస్ పథకం తెచ్చారు, అందులో 75 శాతం దాకా ప్రభుత్వ గ్రాంటే. ఆ పథకం చూపు ప్రధానంగా ఉత్తరప్రదేశ్, తమిళనాడు రక్షణ కారిడార్ల మీద ఉంది. హైదరాబాద్ కారిడార్ కాకపోయినా, మీ క్షిపణుల పని ఇక్కడే జరుగుతోంది కదా. బాలానగర్, కుషాయిగూడ, చర్లపల్లి, ఆదిబట్ల షాపులన్నీ కలిసి వాడుకునేలా స్పెషల్ ప్రాసెస్‌లకు ఒక ఉమ్మడి కేంద్రం ఇలాంటి గ్రాంటుతోనే పెట్టవచ్చు. స్థలం ఇచ్చే బాధ్యత తెలంగాణ ప్రభుత్వం తీసుకోవాలి. వ్యర్థ జలాల శుద్ధి కూడా అక్కడే ఉండాలి. అనోడైజింగ్ యాసిడ్ ఎక్కడికి పోతుందో బాలానగర్, జీడిమెట్లలో ఉండేవాళ్ళకి ఎవరూ చెప్పక్కరలేదు.

మెటీరియల్ గురించి తక్కువ మాటల్లో చెప్తాను. కొనేవాడు ఒప్పుకున్న మిల్లు నుంచే, మిల్లు సర్టిఫికెట్‌తో అల్యూమినియం, టైటానియం తెచ్చుకోవాలి. మాకు కావలసింది ఎనభై కిలోలు. అమ్మేవాళ్ళు కనీసం అర టన్ను కొనమంటారు. మిగిలిన నాలుగు వందల ఇరవై కిలోలు షెడ్డు మూలలో పడి ఉంటాయి, అందులోనే నా వర్కింగ్ క్యాపిటల్ కూడా పడి ఉంటుంది. అడ్వాన్స్ ఆథరైజేషన్ అనే అనుమతితో సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు కానీ ఆ కాగితాల పని చిన్న లాటుకి గిట్టదు. టైటానియం, సూపర్ అల్లాయ్‌లు చేసే మిధాని మా ఊళ్ళోనే ఉంది. చిన్న షాపులకు కిలోల లెక్కన, సర్టిఫికెట్‌తో సహా కోసి ఇచ్చే ఒక మెటీరియల్ బ్యాంకు ఇక్కడ పెట్టడం మీ చేతిలో ఉన్న పని.

ఇక బ్యాంకులు. ఎగుమతి రుణాల మీద వడ్డీ రాయితీ ఇచ్చే పాత పథకం 2024 డిసెంబరు 31తో ముగిసింది. 2025 నవంబరులో కేంద్ర కేబినెట్ 25,060 కోట్లతో ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌ని ఆమోదించింది, 2030-31 దాకా నడుస్తుంది. అందులో మొదటిసారి ఎగుమతి చేసేవాళ్ళకి ప్రత్యేకంగా కొంత భాగం కేటాయించమని అడుగుతున్నాను. రక్షణ భాగాల ఆర్డర్‌లో డబ్బు చేతికి రావడానికి ఎంత కాలం పడుతుందో బ్యాంకు మేనేజర్‌కి అర్థం కాదు. మొదటి ముక్క చేశాక దాని మీద ఉన్న ప్రతి కొలతా రాసి, కొనేవాడికి పంపి, వాళ్ళు సరే అన్నాకే మిగతా ముక్కలు మొదలుపెట్టాలి. దీన్ని ఫస్ట్ ఆర్టికల్ ఇన్‌స్పెక్షన్ అంటారు. మాకు వచ్చిన హౌసింగ్ డ్రాయింగులో 212 కొలతలున్నాయి. ఆ ఒప్పుకోలు రావడానికి రెండు నెలలు పట్టవచ్చు, తర్వాత సరుకు, ఆ తర్వాత తొంభై రోజులకి డబ్బు. దేశంలోని కొనుగోలుదారు అయితే చిన్న పరిశ్రమకు 45 రోజుల్లో చెల్లించాలని చట్టం ఉంది, విదేశీ కంపెనీకి అది వర్తించదు. మొదటి ఆర్డర్‌కి ఇల్లు తాకట్టు అడగకుండా, కొన్నవాడు డబ్బు ఎగ్గొడితే ఆదుకునే ఈసీజీసీ బీమానీ ప్రభుత్వ హామీనీ కలిపి ఒకే కాగితంగా ఇవ్వగలిగితే చాలామంది ఇళ్ళల్లో ఆడవాళ్ళ టెన్షన్ తగ్గుతుంది. ఫైవ్ యాక్సిస్ మెషిన్ కొన్నప్పుడు మా ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టాను. మా ఆవిడ ఇప్పటికీ నెల మొదటి వారం వస్తే, ఈఎంఐ కట్టావా అని అడిగాకే కాఫీ ఇస్తుంది.

ఎగ్జిబిషన్లకు పంపడం, స్టాల్ అద్దెలో రాయితీ ఇవ్వడం బాగానే ఉన్నాయి, వాటి గురించి ఎక్కువ రాయను. వెళ్ళొచ్చిన తర్వాత ఏం చేయాలన్నదే మాకు కష్టం. ఈ విషయంలో వేరే దేశాలు చేస్తున్నవి చూడండి. బ్రిటన్‌లో రక్షణ ఎగుమతుల కోసం ప్రభుత్వంలో ప్రత్యేక విభాగం ఉంది. సర్వీసులో ఉన్న సైనికుల బృందం ఒకటి బ్రిటిష్ కంపెనీల సామగ్రిని కొనడానికి వచ్చినవాళ్ళకి స్వయంగా వాడి చూపిస్తుంది. అమెరికాలో 2010 చట్టంతో మొదలైన ఒక పథకం కింద కేంద్రం రాష్ట్రాలకు నిధులిస్తుంది, వాటితో రాష్ట్రాలు చిన్న కంపెనీల ఎగుమతి ప్రయత్నాలకు సాయం చేస్తాయి. మనకూ రక్షణ ఎగుమతుల ప్రోత్సాహక పథకం ఉంది. వస్తువుని ప్రభుత్వమే పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వడానికీ, రక్షణ శాఖ పరీక్షా సదుపాయాలు వాడుకోవడానికీ అందులో వీలుంది. దాని గురించి మా వీధిలో అడిగి చూశాను. పద్నాలుగు షాపుల్లో ఒక్కరికి తెలుసు. ఆయనకీ పేరు తెలుసు కానీ ఎవరిని కలవాలో తెలియదు.

ఒక విషయంలో నన్ను అపార్థం చేసుకోకండి. లైసెన్సులు ఎత్తేయమని నేను అనడం లేదు. నేను కోసిన ముక్క ఏ దేశానికి పోతుంది, ఎవరి చేతిలో పడుతుంది అన్నది ప్రభుత్వం చూడాలి. నాకూ అది పట్టింపే. మాకు తెలియని మధ్యవర్తి ఒకతను మంచి ధర ఇస్తానని, తుది వినియోగదారు పేరు అడగొద్దని ఒకసారి ఫోన్ చేశాడు. ఫోన్ పెట్టేశాను. అయితే అలాంటివాడిని గుర్తుపట్టడం చిన్న షాపులకి నేర్పాల్సిన పనే. కొత్తవాళ్ళకి భయమూ ఎక్కువ, ఆశా ఎక్కువ. దారి తెలిసినవాళ్ళు పక్కన లేకపోతే భయపడ్డవాడు ఆగిపోతాడు, ఆశపడ్డవాడు తప్పు చేస్తాడు.

ఇవన్నీ వేర్వేరు కార్యాలయాలు, వేర్వేరు పోర్టళ్ళు, వేర్వేరు పథకాలుగా కాకుండా, హైదరాబాద్‌లో ఒక గది, అందులో కూర్చునే ముగ్గురు మనుషులు కావాలి. రక్షణ ఉత్పత్తి విభాగం నుంచి ఒకరు, విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ నుంచి ఒకరు, ఈ పని చేసి రిటైరైన పరిశ్రమ మనిషి ఒకరు. వాళ్ళు తెలుగులో మాట్లాడగలగాలి. మా షాపుల యజమానుల్లో చాలామంది ఐటీఐ చదివినవాళ్ళు. మైక్రాన్లలో టాలరెన్స్ పట్టగలరు, ఇంగ్లిష్‌లో పదమూడు పేజీల నోటిఫికేషన్ చదివి అర్థం చేసుకోలేరు. ఒక షాపు ఆ గదిలో పేరు రాయించుకున్న రోజు నుంచి దాని మొదటి ఇన్వాయిస్ డబ్బు బ్యాంకులో పడేదాకా ఆ ముగ్గురిలో ఒకరు బాధ్యత తీసుకోవాలి. ఏడాదికి ఇరవై షాపులతో మొదలుపెట్టండి. ఎన్ని దరఖాస్తులు వచ్చాయన్నది లెక్క పెట్టకండి, ఎన్ని షాపులకి మొదటి డబ్బు వచ్చిందో అది లెక్క పెట్టండి. రెండో ఆర్డర్ మేం చూసుకుంటాం.

2023లో ఆర్డర్ వేరేవాళ్ళకు ఇచ్చిన ఆ కొనుగోలు మేనేజర్ ఈ మధ్య మళ్ళీ మెయిల్ పెట్టాడు. ఈసారి అయిదు డ్రాయింగులు. ఏ విమానానివో ఈసారి మొదటి రోజే అడిగాను. మూడు ప్రయాణికుల విమానానివి, వాటికి కొటేషన్ పంపేశాను. నాలుగోది హెలికాప్టర్‌ది. దాన్ని పౌర అవసరాలకూ వాడతారు, మిలిటరీకీ అమ్ముతారు. అయిదోది ఏమిటో వాళ్ళు ఇంకా చెప్పలేదు. నాలుగో డ్రాయింగు ప్రింటు తీసి నా టేబుల్ మీద పెట్టుకున్నాను. జవాబు ఇవ్వడానికి పంతొమ్మిది రోజులున్నాయి. దీన్ని ఎవరికి చూపించాలో చెప్పండి, రేపు పొద్దున్నే తీసుకుని వస్తాను.

ఇట్లు,
బాలానగర్‌లోని ఒక చిన్న మెషిన్ షాప్ యజమాని,
హైదరాబాద్